బరువు తగ్గించే బైపాస్ జరిగిన ఎనిమిదేళ్ళకు వచ్చిన రోగి: ఆపేసిన మాత్రలు, ఆపని జింక్

ఈ కేసును రోగి అనుమతితోనే రాస్తున్నాను. ఆమె ఎవరో తెలిసిపోయే వీలున్న కొన్ని సంగతులను మార్చాను గానీ పరీక్షల అంకెలనూ చికిత్స జరిగిన క్రమాన్నీ మార్చలేదు. నేను గోదావరి జిల్లాల్లోని ఒక పట్నంలో జనరల్ ఫిజీషియన్‌ని, బేరియాట్రిక్ సర్జన్‌ని కాను. బరువు తగ్గించే ఆపరేషన్లు ఎక్కువగా హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ వంటి చోట్ల జరుగుతాయి. ఆపరేషన్ అయిన అయిదారేళ్ళకు, డిశ్చార్జి కాగితం బీరువాలో ఎక్కడుందో మరిచిపోయిన తర్వాత, కాళ్ళ తిమ్మిర్లతోనో ఆయాసంతోనో ఆ మనుషులు వచ్చేది మాత్రం నాలాంటివాళ్ళ దగ్గరికే. కాబట్టి ఇది సర్జన్ల కంటే ఫిజీషియన్లకూ, ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకూ ఎక్కువ పనికివస్తుందని అనుకుంటున్నాను. ఇందులో నా పొరపాటు ఒకటి ఉంది, దాన్ని కూడా జరిగిన చోటనే చెబుతాను.

మొదటి రాక

2024 జనవరిలో, ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం బోధించే 46 ఏళ్ళ ఉపాధ్యాయిని తన అత్తగారితో కలిసి వచ్చారు. ఆరు నెలలుగా అరికాళ్ళు మొద్దుబారుతున్నాయని, ఇప్పుడది మోకాళ్ళ దాకా పాకిందని చెప్పారు. "దూది పరుపు మీద నడుస్తున్నట్టుంది డాక్టర్ గారూ. మొన్న బడి నుంచి వస్తుంటే ఎడమ కాలి చెప్పు దారిలో జారిపోయింది, ఇంటికొచ్చి చూసుకునేదాకా నాకు తెలియలేదు" అన్నారు. పొద్దున ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకోగానే ముందుకు తూలిపోతున్నారు, రెండుసార్లు బాత్రూంలో పడ్డారు కూడా. కాళ్ళు నేల మీద ఎక్కడున్నాయో మెదడుకు చెప్పే నరాల దారి దెబ్బతిన్నప్పుడు మనిషి కళ్ళ సాయంతోనే నిలబడతాడు, కళ్ళు మూస్తే పడిపోతాడు. మేము క్లినిక్‌లో రాంబెర్గ్ పరీక్ష పేరుతో చేసేది అదే, ఆమె ఇంట్లో రోజూ చేసుకుంటున్నదీ అదే. వీటితోపాటు మెట్లెక్కితే ఆయాసం, విపరీతంగా జుట్టు ఊడటం ఉన్నాయి.

అంతకుముందు ఒక ఎముకల వైద్యుడు నడుముకు ఎమ్మారై తీయించారు. ఒక డిస్కు కొద్దిగా ఉబ్బి ఉందని రిపోర్టు వచ్చింది. ఆ వయసులో చాలామందికి, నొప్పి లేనివాళ్ళకు కూడా, అలాగే వస్తుంది. మెథైల్‌కోబాలమిన్ (బి12లో ఒక రూపం), ప్రెగాబాలిన్ (నరాల నొప్పి మందు) కలిసిన క్యాప్సూళ్ళను ఒక నెల వాడి, పాఠం చెబుతుంటే నిద్ర ముంచుకొస్తోందని ఆవిడే మానేశారు.

పరీక్షించినప్పుడు కాలి వేళ్ళు పైకి వంచానో కిందికి వంచానో ఆమె చెప్పలేకపోయారు. ట్యూనింగ్ ఫోర్క్ కంపనం రెండు కాళ్ళలోనూ తుంటి ఎముక దాకా తెలియలేదు. మోకాలి దగ్గర రిఫ్లెక్సులు చురుకుగానూ, మడమ దగ్గర పూర్తిగా లేకుండానూ ఉన్నాయి, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేచింది. అంటే చెడింది కాలి నరాలు మాత్రమే కాదు, వెన్నుపాము కూడా. నడుము డిస్కుతో ఈ చిత్రం పొసగదు.

హిమోగ్లోబిన్ 7.9 గ్రాములు, ఎర్రకణాల సగటు పరిమాణం 89, కణాల పరిమాణాల్లో తేడాను చూపే ఆర్‌డీడబ్ల్యూ 21, తెల్లకణాలు 2,700, వాటిలో న్యూట్రోఫిల్స్ 900, ప్లేట్‌లెట్లు 1.6 లక్షలు. ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ 6. విటమిన్ బి12 మిల్లీలీటరుకు 148 పికోగ్రాములు. థైరాయిడ్, మూత్రపిండాల పరీక్షలు మామూలుగా ఉన్నాయి, హెచ్ఐవీ లేదు, చక్కెర కూడా లేదు.

ఇనుము లోపిస్తే ఎర్రకణాలు చిన్నవవుతాయి, బి12 లోపిస్తే పెద్దవవుతాయి. రెండూ లోపిస్తే సగటు మామూలుగానే కనిపిస్తుంది, తేడా మాత్రం ఆర్‌డీడబ్ల్యూలో బయటపడుతుంది. నాకు అది తెలుసు కాబట్టి 89 చూసి మోసపోలేదు. బి12 లోపం వల్ల వెన్నుపాములో వెనక వరుస తంతువులూ పక్క తంతువులూ కలిసి క్షీణించే జబ్బు ఈ లక్షణాలకు సరిగ్గా అతుకుతుంది, తెల్లకణాలు తగ్గడం కూడా దానిలో భాగమే. ఆమె శాకాహారి, పాలు, పెరుగు కూడా అంతంతమాత్రం. ఇక వెతకాల్సిందేమీ కనిపించలేదు. "ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా అమ్మా?" అని అడిగితే "రెండు కాన్పులూ సిజేరియన్లేనండీ, అంతే" అన్నారు. అదే రాసుకున్నాను. రోజు విడిచి రోజు 1,000 మైక్రోగ్రాముల బి12 ఇంజెక్షన్లు, ఫోలిక్ యాసిడ్ కలిసిన ఇనుము మాత్రలు రాసి, ఆరు వారాల తర్వాత రమ్మన్నాను. అన్నిటికీ సరిపోయే జవాబు ఒకటి దొరికేసరికి అక్కడితో ఆగిపోయాను. ఆమె పొట్టను చూడలేదు. నా పొరపాటు అదే.

ఆరు వారాల తర్వాత

మార్చి మధ్యలో ఆమె భర్త చెయ్యి పట్టుకుని వచ్చారు, అత్తగారు కూడా వెంట ఉన్నారు. నడక ఇంకా చెడింది. బి12 ఇప్పుడు 900 దాటింది, కానీ హిమోగ్లోబిన్ 8.4 దగ్గరే ఉంది, ఫెరిటిన్ 6 నుంచి 7కు మాత్రమే కదిలింది, న్యూట్రోఫిల్స్ 900 నుంచి 800కు జారాయి. ఇనుము మాత్రలు ఒక్క పూట కూడా మానలేదని మాత్రల ఖాళీ అట్టలు తీసి చూపించారు. లెక్కల టీచరు కదా, లెక్క తప్పలేదు.

నోటితో ఇనుము ఆరు వారాలు తీసుకున్నా నిల్వ ఒక్క అంకె మాత్రమే పెరిగిందంటే, రక్తం ఎక్కడో పోతూ ఉండాలి, లేదా పేగు దాన్ని తీసుకోకుండా ఉండాలి. బి12 లోపం తీరినా తెల్లకణాలు కోలుకోలేదంటే మరో కారణం ఉండాలి. ఈసారి బల్ల మీద పడుకోమని పొట్ట చూశాను. సిజేరియన్ గీతకు పైన, బొడ్డు చుట్టూ, పక్కటెముకల కింద, ఒక్కొక్కటి సెంటీమీటరుకు అటూ ఇటూ ఉండే అయిదు చిన్న మచ్చలు కనిపించాయి. అవేమిటని అడిగితే ఆమె మాట్లాడకుండా భర్త వైపు చూశారు. ఆయన "అమ్మా, మందుల షాపులో చీటీ ఇచ్చి రండి" అని తల్లిని బయటికి పంపించి, తలుపు దగ్గరకు వేసి అప్పుడు చెప్పారు: 2015 ఆగస్టులో హైదరాబాదులో గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించారు. ఇంట్లో గాల్‌బ్లాడర్‌లో రాళ్ళని చెప్పారు. అప్పుడు ఆమె బరువు 118 కిలోలు, ఎత్తు 157 సెంటీమీటర్లు, బీఎంఐ 48కి దగ్గర. నాలుగేళ్ళుగా ఉన్న చక్కెర జబ్బు ఆపరేషన్ తర్వాత మందులు అక్కర్లేకుండా అదుపులోకి వచ్చింది. ఇప్పుడు బరువు 74 కిలోలు.

మన కుటుంబాల్లో ఈ ఆపరేషన్‌ను దాచడం అరుదేమీ కాదు. "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంది" అన్న మాట ఎవరి నోట వస్తుందోనన్న భయం ఉంటుంది. ఎనిమిదేళ్ళు దాచిన సంగతిని నేను అత్తగారి ఎదుట, అదీ ఒక్క మాటలో, అడిగాను. నాకు నిజం రాకపోవడంలో ఆవిడ తప్పేమీ లేదు. అప్పటి నుంచి ఆ ప్రశ్నను ఒంటరిగా ఉన్నప్పుడు, "బరువు ఎప్పుడైనా 20, 30 కిలోలు తగ్గారా? ఎలా తగ్గారు?" అని మార్చి అడుగుతున్నాను.

ఆపరేషన్ ఏమి మార్చింది

రూ-ఎన్-వై అనే ఈ బైపాస్‌లో కడుపు పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచిని మిగిల్చి, దానికి చిన్నపేగును కింది నుంచి తెచ్చి కుడతారు. తిన్న అన్నం మిగతా కడుపునూ ఆంత్రమూలాన్నీ (చిన్నపేగు మొదటి భాగం) దాని తర్వాతి పేగు భాగాన్నీ తాకకుండా దాటిపోతుంది. ఇనుము, కాల్షియం ప్రధానంగా ఇంకేది ఆ దాటిపోయిన చోటనే. రాగి కూడా కడుపులోనూ ఆంత్రమూలంలోనూ ఎక్కువగా ఇంకుతుంది. ఆహారంలోని ఇనుము పేగు గోడలోకి వెళ్ళే రూపానికి మారాలంటే కడుపులోని ఆమ్లం కావాలి, చిన్న సంచిలో ఆమ్లం ఊరేది చాలా తక్కువ. బి12ను ఆహారంలోని ప్రోటీన్ నుంచి విడదీయడానికీ ఆమ్లమే కావాలి. ఆ తర్వాత దాన్ని పట్టుకుని చిన్నపేగు చివరిదాకా మోసుకెళ్ళే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్‌ను తయారు చేసే కణాలు ఉన్న కడుపు భాగాన్ని అన్నం చేరనే చేరదు. కడుపును కత్తిరించి సన్నని గొట్టంలా మిగిల్చే స్లీవ్ ఆపరేషన్‌లో పేగు దారి మారదు కాబట్టి మాత్రలు అంత అవసరం లేదనుకునేవాళ్ళున్నారు. కానీ కడుపులో నాలుగింట మూడు వంతులకు పైగా తీసేసినప్పుడు ఆమ్లం, ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ తయారుచేసే కణాల్లో చాలా భాగం దానితోనే పోతాయి. బి12 విషయంలో స్లీవ్ వాళ్ళకు కూడా మినహాయింపు లేదు.

30, 40 కిలోల దూరంలో ఉన్న పాత శరీరానికి తిరిగి వెళ్ళకుండా ఆ ఆపరేషన్ ఎలా శాశ్వతమో, ఈ మార్పు కూడా అంతే శాశ్వతం. బరువు తగ్గడం ఒకటి రెండేళ్ళలో నిలిచిపోతుంది, పేగు మాత్రం ఆ తర్వాత మామూలుకు రాదు.

"అప్పుడు రిపోర్టులన్నీ బాగున్నాయి కదండీ"

ఆమె భర్త నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది, న్యాయమైన ప్రశ్న. మరుసటి వారం బీరువాలోంచి తీసి తెచ్చిన 2017 నాటి రిపోర్టులో హిమోగ్లోబిన్ 12.2, ఫెరిటిన్ 38, బి12 410 ఉన్నాయి. అప్పటిదాకా ఆమె అన్ని మాత్రలూ శ్రద్ధగా వేసుకున్నారు. ఆ కాగితం చూసుకుని "అంతా నార్మల్, ఇంకెందుకు?" అనుకున్నారు. ఇనుము మాత్రతో మలబద్ధకం ఉండేది, ముందు దాన్ని మానేశారు. కాల్షియం పెద్ద బిళ్ళ గొంతుకు అడ్డం పడుతోందని తర్వాత దాన్ని, నెల నెలా హైదరాబాదు నుంచి తెప్పించే మల్టీవిటమిన్ ఖర్చు కనిపించి చివరికి దాన్ని కూడా. 2020లో బళ్ళు మూతబడ్డాక హైదరాబాదు వెళ్ళడమే ఆగిపోయింది. ఆమె ఏ ఒక్క రోజూ మానేద్దామని నిర్ణయించుకోలేదు, ఒక్కొక్కటే జారిపోయింది.

మాత్రలు వేసుకుంటున్నారు కాబట్టే ఆ రిపోర్టు బాగుంది. దానికి తోడు నిల్వల సంగతి ఉంది. పెద్దవాళ్ళ కాలేయంలో బి12 రెండు నుంచి అయిదు మిల్లీగ్రాముల దాకా దాచి ఉంటుంది, రోజుకు కావలసింది రెండున్నర మైక్రోగ్రాములు కూడా కాదు. రాబడి ఆగిపోయినా ఆ కొట్టు నుంచి ఏళ్ళ తరబడి గడుస్తుంది. అందుకే మానేసిన మొదటి ఏడాది ఏమీ జరగదు, రెండో ఏడాదీ ఏమీ జరగదు, ఏమీ జరగకపోవడమే మాత్రలు అక్కర్లేదనడానికి రుజువుగా కనిపిస్తుంది. ఇనుము నిల్వ నెలసరి ఉన్న ఆడవాళ్ళలో అంతకన్నా తొందరగా ఖాళీ అవుతుంది. కాల్షియం లెక్క ఇంకా మోసం: రక్తంలో అంకె తగ్గకుండా పారాథైరాయిడ్ హార్మోన్ ఎముకల్లోంచి తోడి సరిపెడుతుంది. ఈమెకు రక్తంలో కాల్షియం 8.6, దాదాపు మామూలే. పారాథైరాయిడ్ హార్మోన్ మాత్రం బాగా ఎక్కువగా 148, విటమిన్ డి బాగా తక్కువగా 9, తుంటి ఎముక సాంద్రత జడ్-స్కోరు మైనస్ 2.3. అంటే ఆమె వయసుకు ఉండవలసిన దానికన్నా బాగా తక్కువ. రక్తంలో కాల్షియం ఒక్కటి చూసి ఊరుకుంటే ఇదేదీ బయటపడదు.

ఈ నిల్వల వరసలో పూర్తిగా ఎదురు కొసన ఉన్నది థయమిన్ (విటమిన్ బి1). అది శరీరంలో రెండు మూడు వారాలకు మించి నిలవదు, ఆపరేషన్ తర్వాత ఎప్పుడైనా వాంతులు పట్టుకుంటే నెల తిరగకముందే మెదడును దెబ్బతీస్తుంది. బాగా పాలిష్ పట్టిన బియ్యం మీద బతికిన ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి ఒకప్పుడు తెలిసిన జబ్బే, అదే లోపం ఇప్పుడు ఆపరేషన్ దారిన తిరిగి వస్తోంది. ఈమెకు వాంతులు లేవు, థయమిన్ లోపం లక్షణాలూ లేవు. అయినా సెలైన్ ఎక్కించిన రోజున ముందు థయమిన్ ఇచ్చాను, ఎందుకంటే లోపం ఉన్నవాళ్ళకు అది లేకుండా గ్లూకోజు ఎక్కించడం ప్రమాదం.

జింక్ సంగతి

మాత్రలన్నీ మానేశారు, నిజమే, కానీ ఒకటి మానలేదు. అది తెలియడానికి మరో ప్రశ్న కావలసి వచ్చింది. "ఇప్పుడు ఏమీ వేసుకోవట్లేదా?" అంటే "లేదండీ" అన్నారు. "జుట్టుకి?" అంటే "ఆఁ, జింక్ వేసుకుంటున్నాను" అన్నారు.

2021లో రెండో అల సమయంలో ఆమెకు స్వల్పంగా కోవిడ్ వచ్చింది. అప్పుడు ఊరంతా వేసుకున్నట్టే విటమిన్ సి, డి, 50 మిల్లీగ్రాముల జింక్ వేసుకున్నారు. రెండు మూడు నెలల తర్వాత జుట్టు ఊడటం మొదలైంది. జ్వరం తర్వాత అది మామూలుగా జరిగేదే, తనంతట తానే తగ్గేదే. మందుల షాపులో జుట్టుకు జింక్ మంచిదన్నారు. ఊడటం తగ్గలేదు, ఎందుకంటే ఇనుము కూడా అడుగంటుతోంది. తగ్గలేదు కాబట్టి మానలేదు. దాదాపు మూడేళ్ళు, రోజుకు ఒకటి.

పేగు గోడ కణాల్లో జింక్ ఎక్కువైతే మెటల్లోథయోనిన్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. ఆ ప్రోటీన్ జింక్ కన్నా రాగిని ఎక్కువ గట్టిగా పట్టుకుంటుంది. పట్టుకున్న రాగి రక్తంలోకి వెళ్ళకుండా, కొద్ది రోజుల్లో ఆ కణం రాలిపోయినప్పుడు దానితోపాటే మలంలో పోతుంది. రాగి ఒళ్ళంతా పేరుకుపోయే విల్సన్ వ్యాధికి జింక్‌ను మందుగా ఇచ్చేది ఈ గుణం వల్లనే. రాగి ఇంకే దారి సగం మూసుకుపోయిన మనిషికి దాన్ని మూడేళ్ళు ఇస్తే మిగతా సగం కూడా మూసుకుపోతుంది.

రాగి లోపం వెన్నుపాములో చేసే నష్టం బి12 లోపం చేసేదానికి అచ్చం కవల. అదే దూది నడక, అదే తూలడం, మెడ దగ్గర వెన్నుపాము వెనక భాగంలో ఎమ్మారైలో అదే తెల్లని మచ్చ. రక్తంలోనూ అంతే: రక్తహీనత, న్యూట్రోఫిల్స్ తగ్గడం. పైగా ఇనుమును నిల్వల నుంచి కదిలించే ఎంజైములు రాగి లేకుండా పని చేయవు, కాబట్టి ఇనుము ఇచ్చినా హిమోగ్లోబిన్ సరిగా లేవదు. మూలుగ పరీక్ష చేస్తే కొన్నిసార్లు రక్త కేన్సర్‌కు ముందు దశ అనిపించే మార్పులు కనిపిస్తాయి. ఈమె విషయంలో నేను సలహా అడిగిన రక్తవ్యాధుల నిపుణుడు సరిగ్గా ఆ అనుమానంతోనే మూలుగ పరీక్షకు తేదీ కూడా ఇచ్చారు. దానికి రెండు రోజుల ముందు రాగి రిపోర్టు వచ్చింది: 70కి తగ్గకూడని చోట 11 మైక్రోగ్రాములు. రాగిని మోసే సెరులోప్లాస్మిన్ 4, జింక్ 168. మూలుగ పరీక్షను వాయిదా వేశాం, తర్వాత దాని అవసరమే రాలేదు. మెడ ఎమ్మారైలో ఆ తెల్లని గీత ఉంది.

ఆమెకు బి12 లోపం కూడా నిజంగానే ఉంది. ఒక లోపం నిజం కావడం వల్లనే రెండోది దాక్కుంది. బైపాస్ అయిన మనిషిలో ఒక లోపం దొరికితే మిగతావి లేవనుకోకూడదని, ఉన్నాయనుకునే వెతకాలని ఈ కేసు నాకు నేర్పింది.

చికిత్స

జింక్ ఆ రోజే ఆపించాను. నడక ఇంతగా దిగజారినప్పుడు రాగిని రక్తనాళం ద్వారా రోజుకు 2 నుంచి 4 మిల్లీగ్రాములు ఆరు రోజులు ఇవ్వడం మేలు. రాగి ఒక్కటే ఉన్న ఇంజెక్షన్ మాకు అందలేదు. కాపర్ గ్లూకోనేట్ మాత్రలు తెప్పించడానికే నాలుగు రోజులు పట్టింది. మొదటి వారం రోజుకు 8 మిల్లీగ్రాములు, రెండో వారం 6, మూడో వారం 4, ఆ తర్వాత 2 చొప్పున నోటితోనే ఇచ్చి, వారం వారం రక్తకణాలు చూస్తూ, మూడు వారాల్లో కదలిక లేకపోతే హైదరాబాదు పంపాలని అనుకున్నాం.

ఆమె భర్త ఈ సందర్భంలో "రాగి చెంబులో నీళ్ళు తాగిస్తే సరిపోదా సార్?" అని అడిగారు. నవ్వదగిన ప్రశ్న కాదు, మన ఇళ్ళలో అమ్మమ్మలు చెప్పిన మాటే. కానీ ఆ నీళ్ళలోకి దిగే రాగి చెంబును బట్టి, నీటి పులుపును బట్టి, ఉంచిన సమయాన్ని బట్టి మారుతుంది. ఎంత వెళ్తోందో తెలియని దాన్ని మోతాదుగా రాయలేను. తాగితే అభ్యంతరం లేదు, మాత్ర మానకూడదని చెప్పాను.

ఇనుమును నోటితో ఇవ్వడం మానేసి ఐరన్ సుక్రోజ్ 200 మిల్లీగ్రాముల చొప్పున ఏడు సార్లు, మొత్తం 1,400 మిల్లీగ్రాములు ఎక్కించాం. ఒక్క పూటలో పని తీరిపోయే ఫెరిక్ కార్బాక్సీమాల్టోజ్ ఉండగా ఏడుసార్లు తిప్పడమెందుకని అడగవచ్చు. ఆ మందు కొందరిలో రక్తంలో ఫాస్ఫేట్‌ను బాగా తగ్గిస్తుంది, విటమిన్ డి అడుగంటి పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగినవాళ్ళలో ఆ ప్రమాదం ఎక్కువ. ఇప్పటికే ఎముకలు గుల్లబారిన మనిషికి అది వద్దనిపించింది. ఇనుము ఎక్కడైనా పోతోందేమోనని ఎండోస్కోపీ చేయించాం. మోకాళ్ళ నొప్పికి షాపులో కొనుక్కునే డైక్లోఫెనాక్ వంటి మాత్రలు బైపాస్ అతుకు దగ్గర పుండు చేస్తాయి, ఆమె అవి అప్పుడప్పుడు వాడారు కూడా. అదృష్టవశాత్తు పుండు లేదు. నెలసరి రక్తస్రావం ఎక్కువే, దానికి గైనకాలజిస్టు వేరే చికిత్స ఇచ్చారు.

బి12 ఇంజెక్షన్లను వారానికొకటికీ తర్వాత నెలకొకటికీ తగ్గించాం. విటమిన్ డి వారానికి 60,000 యూనిట్లు పన్నెండు వారాలు, ఆ తర్వాత రోజుకు 3,000. కాల్షియం మాత్రను మార్చాను. మన షాపుల్లో అడిగితే ఎక్కువగా ఇచ్చేది కాల్షియం కార్బొనేట్, అది కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి. ఆమ్లం లేని కడుపుకు కాల్షియం సిట్రేట్ మేలు. విటమిన్ ఎ, ఫోలేట్ సరిపోను ఉన్నాయి.

రోజువారీ ఏర్పాటు

అమెరికన్ సొసైటీ ఫర్ మెటబాలిక్ అండ్ బేరియాట్రిక్ సర్జరీ 2016లో సవరించిన పోషక మార్గదర్శకాల్లో బైపాస్ తర్వాత జీవితాంతం కావలసిన మోతాదులు స్పష్టంగా ఉన్నాయి: బి12 నోటితోనైతే రోజుకు 350 నుంచి 500 మైక్రోగ్రాములు లేదా నెలకొక 1,000 ఇంజెక్షన్, నెలసరి ఉన్న ఆడవాళ్ళకు ఇనుము 45 నుంచి 60 మిల్లీగ్రాములు, కాల్షియం 1,200 నుంచి 1,500, థయమిన్ కనీసం 12, రాగి 2. జింక్‌కూ పరిమితి చెప్పారు: ప్రతి 8 నుంచి 15 మిల్లీగ్రాముల జింక్‌కు ఒక మిల్లీగ్రాము రాగి జతగా ఉండాలి. మామూలు మల్టీవిటమిన్ బిళ్ళల్లో చాలావాటికి ఈ అంకెలు అందవు. అట్ట వెనక రాగి ఎంతుందో చదివి తెమ్మంటే, ఆమె మూడు రకాలు పట్టుకొచ్చారు, ఒకదానిలో రాగి అసలు లేదు.

అంకెలు రాసి చేతిలో పెట్టినంత మాత్రాన మాత్రలు లోపలికి వెళ్ళవు. ఆమె రోజు ఎలా గడుస్తుందో అడిగి దాని చుట్టూ అల్లవలసి వచ్చింది. ఇనుము, కాల్షియం ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి. కాల్షియం ఒక్కసారికి 500, 600 మిల్లీగ్రాములకు మించి వేసుకున్నా ఇంకదు, మూడు పూటలు కావాలి. టీ ఇనుమును పట్టేస్తుంది, ఆమెకు రోజుకు నాలుగు కప్పులు కావాలి, మొదటిది లేవగానే. మొదటి టీని వదులుకోమంటే మాత్రనే వదిలేస్తారని అర్థమైంది. అందుకే ఇనుమును రాత్రి పడుకునే ముందుకు మార్చాం, నిమ్మకాయ నీళ్ళతో. మల్టీవిటమిన్, రాగి టిఫిన్ తర్వాత, కాల్షియం బడిలో మధ్యాహ్న భోజనం తర్వాత ఒకటి, సాయంత్రం ఇంటికి రాగానే ఒకటి, రాత్రి ఏడున్నర భోజనంతో ఒకటి. పదింటికి ఇనుము. బి12 ఇంజెక్షన్ జీతం పడిన మరుసటి ఆదివారం. ఈ చివరిది ఆమె ఆలోచనే, నాకైతే తట్టేది కాదు.

మలబద్ధకం మళ్ళీ వచ్చింది. ఈసారి చెప్పారు కాబట్టి ఇనుమును రోజు విడిచి రోజుకు మార్చి, మూడు నెలలకోసారి ఫెరిటిన్ చూసి, 30కి దిగితే మళ్ళీ రక్తనాళం ద్వారా ఇవ్వాలని నిర్ణయించాం. మార్గదర్శకంలో ఉన్నది రోజూ వేసుకోమనే. వేసుకోని రోజువారీ మాత్ర కన్నా వేసుకునే రోజు విడిచి రోజు మాత్ర నయమని నా అభిప్రాయం, అయితే ఫెరిటిన్ చూస్తూ ఉండే షరతు మీదనే.

ఏడాది తర్వాత

రాగి మొదలుపెట్టిన మూడు వారాలకు న్యూట్రోఫిల్స్ 1,500, ఆరు వారాలకు 2,800. నాలుగు నెలలకు హిమోగ్లోబిన్ 12, ఫెరిటిన్ 64, రాగి 84. పారాథైరాయిడ్ హార్మోన్ ఎనిమిది నెలలకు 71కి దిగింది. జుట్టు ఊడటం జింక్ లేకుండానే తగ్గింది.

రక్తం కోలుకున్నంత తేలికగా వెన్నుపాము కోలుకోలేదు. మోకాళ్ళ దాకా ఉన్న మొద్దు చీలమండల దాకా దిగి అక్కడ ఆగిపోయింది. కళ్ళు మూసి నిలబెడితే ఇప్పుడు ఊగుతారు, పడిపోరు. పగటిపూట సాయం లేకుండా నడుస్తారు, చీకట్లో చేతికర్ర కావాలి. బాత్రూంలో గోడకు రెండు కడ్డీలు పెట్టించారు. మేడ మీది తరగతి గదిని వదులుకుని కింది గదికి మారారు, పాఠం కొంత కూర్చునే చెబుతున్నారు. ఇంకా ఎంత మెరుగవుతుందని అడిగితే, ఏడాది దాటాక పెద్ద మార్పు ఆశించవద్దనే చెప్పాను. లక్షణాలు మొదలైన దాదాపు ఎనిమిది నెలలకు కాక మొదటి నెలలోనే రాగి పరీక్ష జరిగి ఉంటే ఎంత మిగిలేదో కచ్చితంగా చెప్పలేను గానీ, నా చేతిలో పోయిన ఆ ఆరు వారాల్లో నడక దిగజారిన సంగతి నా కేసు షీటులోనే ఉంది.

ఇప్పుడు ఆరు నెలలకోసారి హిమోగ్లోబిన్, ఫెరిటిన్, ఏడాదికోసారి బి12, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్, ఆల్బుమిన్, రాగి, జింక్, విటమిన్ ఎ చూస్తున్నాం. 2025 మార్చిలో వచ్చినప్పుడు ఆమె నన్ను ఒక ఉత్తరం అడిగారు: ఏ ఆపరేషన్, ఏ సంవత్సరం, ఏ మందులు పడవు, ఏవి మానకూడదు అన్నది ఏ డాక్టరుకైనా చూపించడానికి. మత్తుమందు ఇచ్చేవాళ్ళకు నైట్రస్ ఆక్సైడ్ వద్దని కూడా అందులో రాశాను, ఎందుకంటే అది బి12ను పని చేయనివ్వదు. ఉత్తరాన్ని మడిచి పర్సులో ఆధార్ కార్డు వెనక పెట్టుకున్నారు. అత్తగారికి ఇంకా చెప్పలేదు.